మోచేతి లెక్క

"పోయిన పన్నెండు నెలల్లో మీ అబ్బాయి మొత్తం ఎన్ని బంతులు వేసి ఉంటాడు?" అని డాక్టర్ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నేను పదిహేనేళ్ళుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. నెలాఖరున ఎక్కడో ఒక్క డాలరు తేడా వచ్చినా అది దొరికేదాకా కుర్చీలోంచి లేవను. మా వాడి కుడిచేతి లెక్క మాత్రం ఒక్కరోజు కూడా రాసిపెట్టలేదు. మావారి వైపు చూశాను. ఆయన మా వాడి వైపు చూశారు. వాడు మోచెయ్యి పట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు.

అది 2023 జూన్. మేము ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. అప్పటికి వాడికి పదహారేళ్ళు, పదో తరగతి అప్పుడే అయిపోయింది. బేస్‌బాల్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు. మన తెలుగువాళ్ళ పిల్లలు కూడా ఇక్కడ ఈ ఆటలో చేరుతున్నారు. గుడిలోనో, ఏ పుట్టినరోజు ఫంక్షన్లోనో కలిసినప్పుడు వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడుగుతుంటారు, "మీ వాడి చెయ్యి ఇప్పుడెలా ఉంది? మా వాణ్ణి పిచింగ్‌లో చేర్చమంటారా?" అని. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

మాది తెనాలి. మా నాన్నకి క్రికెట్ అంటే ప్రాణం. బేస్‌బాల్ గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. మా వాడు ఏడేళ్ళప్పుడు క్లాసులో స్నేహితుడి వెంట వెళ్ళి చేరాడు. ఆ వయసులో కోచే బంతి వేస్తాడు, పిల్లలు కొడతారు. తొమ్మిదో ఏట మొదటిసారి వాడి చేతికి బంతి ఇచ్చి మౌండ్ మీద నిలబెట్టారు. మౌండ్ అంటే మైదానం మధ్యలో ఉండే మట్టి దిబ్బ. పిచర్ దాని మీద నిలబడి విసరాలి. ఆరోజు మా నాన్న వీడియో కాల్‌లో చూసి, "వాడేంటమ్మా చెయ్యి మడిచి విసురుతున్నాడు? మన దగ్గరైతే నోబాల్ అనేవాళ్ళు" అన్నారు. "ఇందులో అలాగే వెయ్యాలి నాన్నా" అన్నాను.

తర్వాత మాకు వచ్చిన కష్టమంతా ఆ మడిచిన మోచేతి దగ్గరే వచ్చింది. క్రికెట్‌లో బంతి వదిలేటప్పుడు బౌలర్ మోచెయ్యి 15 డిగ్రీలకి మించి సాగకూడదు. బేస్‌బాల్‌లో ఆ హద్దు లేదు. పిచర్ చెయ్యి పూర్తిగా వెనక్కి వాలి, కొరడా లాగా ముందుకి వస్తుంది. ఆ క్షణంలో మోచేతి లోపలివైపు విపరీతమైన లాగుడు ఉంటుంది. అక్కడ పై ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే చిన్న లిగమెంట్ ఉంది. యూసీఎల్ అంటారు. వేలెడు పొడవు కూడా ఉండదు. పిచర్ జీవితం దాని మీదే నడుస్తుంది.

పదకొండో ఏట వాణ్ణి సెలెక్ట్ టీమ్‌లోకి తీసుకున్నారు. ఊరి లీగ్ అందరిదీ. సెలెక్ట్ అంటే ట్రయల్స్ పెట్టి ఎంచుకుంటారు, ఏడాదికి వేల డాలర్లు ఫీజు, శని ఆదివారాలు వేరే ఊళ్ళలో టోర్నమెంట్లు. మాకు అప్పుడు అదొక గౌరవం. సంగీతం క్లాసు మానేశాడు. దసరా, దీపావళి ఏదో ఒక మైదానం పక్కనే గడిచేవి. ఐస్ బాక్సులో నీళ్ళ సీసాల పక్కన పులిహోర డబ్బా పెట్టుకుని వెళ్ళేదాన్ని. నాకు ఆ రోజులంటే ఇష్టం, ఇప్పటికీ. ఉదయం ఏడింటికి గడ్డి మీద మంచు ఆరకముందే వాడు క్యాచర్‌తో, అంటే ఎదురుగా కూర్చుని బంతి పట్టేవాడితో, బంతి విసురుకుంటుంటే గ్లవ్‌లో పడే చప్పుడు వినడానికే ముందుగా వెళ్ళేదాన్ని.

ఎదిగేకొద్దీ దూరం పెరుగుతుంది. చిన్నపిల్లలకి 46 అడుగులు. హైస్కూల్‌కి వచ్చేసరికి 60 అడుగుల 6 అంగుళాలు, దేశంలో అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్‌లోనూ అంతే. మా వాడు పొడుగు. పదిహేనేళ్ళకే బంతి వేగం గంటకి 80 మైళ్ళు దాటించాడు. రాడార్ గన్ చూపించే అంకె మీదే అందరి కళ్ళూ. కాలేజీ కోచ్‌లు అడిగేది దాన్నే, పక్కనున్న తల్లిదండ్రులు గుసగుసగా చెప్పుకునేదీ దాన్నే. స్పీడ్ పెంచడానికి వారంలో రెండు రోజులు ప్రైవేట్ కోచింగ్ పెట్టించాం. ఆ డబ్బు కట్టింది మేమే, కాబట్టి ఆ తప్పు మాదే.

దెబ్బ తగిలింది 2023 మే చివరి వారాంతం. స్కూల్ సీజన్ అప్పుడే ముగిసింది, వెంటనే సెలెక్ట్ టోర్నమెంట్. శనివారం వాడు 88 బంతులు వేశాడు. ఆదివారం సాయంత్రం ఫైనల్. ఆఖరి రెండు ఇన్నింగ్స్‌కి ఎవరున్నారని కోచ్ అడిగితే వాడే చెయ్యెత్తాడు. ఇక్కడ పిచర్‌కి ఒక ఇన్నింగ్ అంటే ముగ్గురిని ఔట్ చేసేదాకా. నేను లేచి చప్పట్లు కొట్టాను. ముప్పై బంతులు దాటాక ఒక బంతి క్యాచర్ తలమీదుగా పోయి వెనకున్న కంచెకి తగిలింది. వాడు చెయ్యి ఒకసారి విదిలించుకున్నాడు, అంతే. ఆ తర్వాత ఇంకో నాలుగు బంతులు వేశాడు. కార్లో కూర్చున్నాక సీటు బెల్టు పెట్టుకోలేకపోయాడు. "లోపల టప్‌మని చప్పుడైందమ్మా" అన్నాడు.

ఎమ్మారైలో లిగమెంట్ దాదాపు పూర్తిగా తెగిందని తేలింది.

డాక్టర్ ప్రశ్నకి జవాబు ఆ రాత్రే వెతికాను. మ్యాచులన్నీ గేమ్‌చేంజర్ యాప్‌లో ఉంటాయి, ఎవరు ఎన్ని బంతులు వేశారో కూడా ఉంటుంది. ఒక్కో మ్యాచ్ తెరిచి ఎక్సెల్‌లో ఎక్కించాను. తెల్లవారుజాము మూడయింది. పన్నెండు నెలల్లో 127 ఇన్నింగ్స్, 2,046 బంతులు. ప్రైవేట్ కోచింగ్‌లో వేసినవి ఇందులో లేవు, వాటికి లెక్కే లేదు. ఏడాది మొత్తంలో వాడు బంతి ముట్టుకోని రోజులు వరసగా 19. అవి కూడా మేము క్రిస్మస్ సెలవుల్లో తెనాలి వెళ్ళిన రోజులు.

ఇక్కడ పిచ్ స్మార్ట్ అని నియమాలున్నాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పెట్టాయి. 15-16 ఏళ్ళ పిల్లవాడు ఒక రోజులో 95 బంతులకి మించి వేయకూడదు. 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో 100 ఇన్నింగ్స్ దాటకూడదు. ఏడాదికి కనీసం నాలుగు నెలలు మ్యాచుల్లో పిచింగ్ మానాలి, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా విసరడమే మానాలి. ఇవన్నీ ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా ఉన్నాయి. స్కూల్ కోచ్ స్కూల్ మ్యాచులు లెక్కపెడతాడు. సెలెక్ట్ కోచ్ తన టోర్నమెంట్ లెక్కపెడతాడు. ప్రైవేట్ కోచ్ తన గంట చూసుకుంటాడు. మూడూ కూడే మనిషి ఇంట్లో ఉండాలి. మీ పిల్లలు పిచర్లయితే ఆ మనిషి మీరే, దయచేసి ఈరోజే మొదలుపెట్టండి.

ఆపరేషన్ పేరు టామీ జాన్. టామీ జాన్ అనే పిచర్‌కి 1974 సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేశారు. మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒక పాలేనని అప్పట్లో డాక్టరే చెప్పారట. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 వరకు ఆడాడు. కెరీర్ మొత్తంలో గెలిచిన 288 మ్యాచుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే. మా వాడు ఆ అంకెని బాత్రూం అద్దం మీద పసుపు కాగితం ముక్కకి రాసి అంటించాడు. ఉత్త 164 అని, ఇంకేమీ లేదు.

తెగిన లిగమెంట్ స్థానంలో మన ఒంట్లోదే ఇంకో టెండన్, అంటే కండని ఎముకకి కలిపే తాడు లాంటిది, తీసి పెడతారు. ఎముకల్లో సన్నని రంధ్రాలు చేసి, అందులోంచి దాన్ని తిప్పి బిగిస్తారు. ఎక్కువగా మణికట్టు దగ్గరి టెండన్ వాడతారు. బొటనవేలిని చిటికెన వేలితో కలిపి, మణికట్టు కాస్త ముందుకి వంచితే మధ్యలో తాడులా లేస్తుందే, అదే. కొందరికి అది ఉండదు, లేకపోయినా చేతికి ఏ ఇబ్బందీ ఉండదు. డాక్టర్ చూపించమంటే మా వాడికి చక్కగా లేచింది. నేను కూడా బల్ల కింద చూసుకున్నాను. కుడిచేతికి ఉంది, ఎడమచేతికి లేదు. వాడికి సరిపోకపోతే నాది ఇవ్వచ్చా అని అడగబోయి ఆగాను.

జూన్ చివర్లో ఆపరేషన్ అయింది. మొదటి పది రోజులు చెయ్యి తొంభై డిగ్రీల దగ్గర వంచి కట్టేశారు. ఇక్కడ పుట్టిన పిల్లాడే అయినా వాడు పప్పన్నం చేత్తోనే తింటాడు. ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని రెండు మెతుకులు తిని పక్కన పెట్టేశాడు. నేను ముద్దపప్పు, నెయ్యి కలిపి ముద్దలు పెట్టాను. ఆరడుగుల పిల్లాడు నోరు తెరిచి తిన్నాడు. ఆ పది రోజులూ మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒక రాత్రి మాత్రం, "నేను చెయ్యెత్తకుండా ఉండాల్సిందా అమ్మా?" అని అడిగాడు. "నేను చప్పట్లు కొట్టకుండా ఉండాల్సింది నాన్నా" అన్నాను.

కుమార్ రాకర్ అనే పిచర్ మా ఇంట్లోకి వచ్చింది ఆ రోజుల్లోనే. సోఫాలో పడుకుని వాడు అతని వీడియోలే చూసేవాడు. కుమార్ తండ్రి ట్రేసీ రాకర్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. తల్లి పేరు లలిత, భారతీయ కుటుంబం. ఆ పేరు వినగానే నేను వంటగదిలోంచి వచ్చి పక్కన కూర్చున్నాను. ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నేను ఊహించగలను.

కుమార్ కథ తెలిస్తే ఈ ఆటలో కెరీర్ ఎలా నడుస్తుందో తెలుస్తుంది. జార్జియాలో హైస్కూల్ అయ్యాక 2018 డ్రాఫ్ట్‌లో కొలరాడో రాకీస్ అతణ్ణి 38వ రౌండ్‌లో తీసుకుంది. డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే రోజు. అప్పట్లో 40 రౌండ్లు ఉండేవి, ఇప్పుడు 20. కుమార్ సంతకం చేయకుండా వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. మొదటి ఏడాదే, 2019 జూన్‌లో, డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే వేసి 19 మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే బంతి కొట్టలేకుండానే ఔట్ చేశాడు. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ కాలేజీ ఛాంపియన్ అయింది, కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరిందని వార్తలొచ్చాయి. వైద్య పరీక్షల తర్వాత ఆ ఒప్పందం జరగలేదు. దేశమంతా చూస్తుండగా వచ్చిన అవకాశం చేజారింది. ఆ శరదృతువులో భుజానికి ఆపరేషన్.

మా వాడు పదేపదే చూసింది దాని తర్వాతి ఏడాదిని. 2022లో కుమార్ న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టులో చేరాడు. ఏ మేజర్ లీగ్ జట్టుకీ సంబంధంలేని లీగ్ అది. అక్కడ ఐదు మ్యాచులు వేశాడు. ఆ వేసవిలో టెక్సస్ రేంజర్స్ అతణ్ణి మూడో స్థానంలో ఎంచుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే 2023 మేలో అతనికీ టామీ జాన్ ఆపరేషన్ అయింది. మా వాడి చెయ్యి తెగింది కూడా ఆ నెలలోనే. "ఇద్దరం ఒకే బ్యాచ్" అనేవాడు మా వాడు.

ఆగస్టు 1 ఎలా గడిచిందో చెప్పాలి. కాలేజీ కోచ్‌లు పదకొండో తరగతి మొదలయ్యే ముందు ఆగస్టు 1 నుంచే పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు. అంతకుముందు మాట్లాడకూడదని నియమం. పిల్లలందరూ ఆ అర్ధరాత్రి కోసం ఎదురుచూస్తారు. మా వాడి స్నేహితులకి మెసేజ్‌లు వచ్చాయి, గ్రూప్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టుకున్నారు. మా వాడు చేతికి బ్రేస్‌తో మెట్ల మీద కూర్చుని వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఎడమచేత్తో కంగ్రాట్స్ టైప్ చేశాడు. వాడి ఫోన్‌కి ఏమీ రాలేదు. నేను పక్కన కూర్చున్నాను. మాట్లాడటానికి ఏమీ లేదు.

నాలుగున్నర నెలలకి, నవంబరులో, మొదటిసారి బంతి విసరనిచ్చారు. 30 అడుగుల దూరం, 25 బంతులు, మెల్లగా. మా పెరట్లోనే మావారు గ్లవ్ పెట్టుకుని నిలబడ్డారు. మొదటి బంతి ఆయన కాళ్ళ దగ్గర పడింది. తర్వాత 45 అడుగులు, 60, 90, 120. ప్రతి మెట్టులో కొన్ని వారాలు. మధ్యలో ఒకసారి ముంజేయి పట్టేసినట్టు ఉందంటే మళ్ళీ రెండు మెట్లు కిందికి. తొమ్మిదో నెలలో మౌండ్ ఎక్కాడు. పదకొండో తరగతి సీజన్ అంతా డగౌట్‌లో, అంటే ఆటగాళ్ళు కూర్చునే చోట, కూర్చుని టీమ్‌కి స్కోర్ రాశాడు. ఫిజియోథెరపీకి ఇన్సూరెన్స్ ఒప్పుకున్న విజిట్లు సగంలోనే అయిపోయాయి, మిగతావి చేతి నుంచి పెట్టుకున్నాం. పిల్లల్ని చేర్చేముందు మీ పాలసీలో ఆ పేజీ చదవండి.

2024 వేసవిలో కుమార్ రాకర్ మా ఊరికే వచ్చాడు. రేంజర్స్‌కి డబుల్-ఏ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. ఈ జట్టు మైదానంలో రైట్ ఫీల్డ్ వెనకాల నీళ్ళ కాలువ ఉంటుంది, పిల్లలు ట్యూబుల మీద తేలుతూ మ్యాచ్ చూస్తారు. మాకు దానితో పనిలేదు. ఇక్కడ పిచర్లు వార్మప్ చేసే బుల్‌పెన్ ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటుంది. కంచె పక్కన నిలబడితే బంతి గ్లవ్‌లో పడే చప్పుడు ఛాతీలో తగులుతుంది. మా వాడు ఆ కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం నూరు డిగ్రీల ఫారన్‌హీట్ వేడి. కుమార్ స్లైడర్, అంటే పక్కకి తిరిగే బంతి, వేసినప్పుడల్లా మా వాడి కుడిచెయ్యి దానంతటదే కొంచెం తిరిగేది. ఎడమచేతి బొటనవేలు మోచేతి మచ్చ మీద ఉంది. ఆ మైదానంలో ఆడే కుర్రాళ్ళ జీతం ఏడాదికి 30,250 డాలర్లని, 2023కి ముందు 13,800 మాత్రమేనని మావారికి ఆరోజే తెలిసింది. మేజర్ లీగ్‌కి వెళ్తే ఆ ఏడాది కనీస జీతమే 7,40,000. ఆయన చాలాసేపు ఆ కుర్రాళ్ళని చూస్తూ ఉండిపోయారు.

సెప్టెంబరు 12న కుమార్ సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ వేశాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రయికౌట్లు, ఒక్క రన్ ఇచ్చాడు. మా ఇంట్లో టీవీ ముందు నేను దీపం పెట్టిన పళ్ళెం చేతిలో పట్టుకునే నిలబడిపోయాను.

అప్పటికి మా వాడు కూడా మ్యాచులు మొదలుపెట్టి కొన్ని వారాలైంది. సీనియర్ సంవత్సరం, అంటే పన్నెండో తరగతిలో, 87 మైళ్ళు దాకా వచ్చాడు. కానీ కాలేజీల తలుపులు ఇరుకైపోయాయి. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఒక్కో జట్టుకి అప్పటివరకు 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటిని ముక్కలు చేసి పంచేవాళ్ళు. 2025 నుంచి ఒక కోర్టు ఒప్పందం ప్రకారం స్కాలర్‌షిప్ హద్దు తీసేసి, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకి జట్టులో 34 మందే అన్నారు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే పెద్ద పిల్లలు ఎటూ ఉన్నారు. ఆపరేషనై పదకొండో తరగతి అంతా ఆడని కుర్రాణ్ణి ఎవరు చూస్తారు? పదిహేడు మంది కోచ్‌లకి వాడే రాశాడు, వీడియో, ఎమ్మారై రిపోర్టు, నా ఎక్సెల్ షీటు పెట్టి. నలుగురు జవాబిచ్చారు. టెక్సస్‌లోనే ఒక జూనియర్ కాలేజీ కోచ్ ఫోన్ చేసి ముందు ఆ షీటు గురించే అడిగారు. "ఇది ఎవరు రాశారు?" అని. మా వాడు ఫోన్ నాకిచ్చాడు.

రెండేళ్ళ కాలేజీ అంటే మన బంధువుల్లో కొందరు పెదవి విరిచారు. ఇంత చదువుకున్న కుటుంబంలో ఇదేంటని. వాడు అక్కడ గణితంలో క్రెడిట్లు చేస్తున్నాడు, తర్వాత పెద్ద యూనివర్సిటీకి మారవచ్చు. జూనియర్ కాలేజీ నుంచి ఏ ఏడాదైనా డ్రాఫ్ట్‌కి వెళ్ళవచ్చు కూడా, నాలుగేళ్ళ కాలేజీలోలాగా మూడేళ్ళు ఆగక్కర్లేదు. డ్రాఫ్ట్ దాకా వెళ్తాడా లేదా అని నేను రాత్రుళ్ళు ఆలోచించడం మానేశాను. వాడికి ఆడాలని ఉంది. మా నాన్న మాత్రం ప్రతి ఆదివారం ఫోన్‌లో, "చెయ్యి వేడినీళ్ళ కాపడం పెడుతున్నాడా?" అని అడుగుతూనే ఉన్నారు.

2025 అక్టోబరు 11, శనివారం, కాలేజీలో జట్టు తమలో తాము ఆడుకునే మ్యాచ్. నేను రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. చేతిలో గుడి దగ్గర జపం లెక్కపెట్టడానికి వాడేలాంటి క్లిక్కర్, ఒళ్ళో నోటుబుక్కు. వాడు ఆరో ఇన్నింగ్‌లో వచ్చాడు. మొదటివాడు బంతి కొట్టి ఔటయ్యాడు, రెండోవాడికి గురితప్పిన బంతులు వేసి వాక్ ఇచ్చాడు, మూడోవాణ్ణి స్లైడర్‌తో స్ట్రయికౌట్ చేశాడు. నాలుగోవాడు గాల్లోకి కొట్టాడు, సెంటర్ ఫీల్డర్ పట్టుకున్నాడు. క్లిక్కర్ మీద 18. డగౌట్ మెట్ల దగ్గర నిలబడ్డ అసిస్టెంట్ కోచ్ కూడా తన చేతిలోని పలక మీద 18 రాసుకోవడం చూశాను.

మ్యాచ్ అయ్యాక వాడు కంచె దగ్గరికి వచ్చి, నేను అడక్కముందే కుడిచెయ్యి చాచి చూపించాడు. మోచెయ్యి వంచి, తిప్పి, మళ్ళీ చాచాడు. నోటుబుక్కులో రాసుకున్నాను: అక్టోబరు 11, 18 బంతులు, నొప్పి లేదన్నాడు.